నీ చేతులు చల్లగుండ

మా అమ్మాయి మూడో తరగతి చదివేటప్పుడు ఒక కాకిని తిట్టింది. డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టి దాన్ని కాపలా కూర్చోబెట్టాను. నేను కింద వంటింట్లో ఉన్నాను. పైనుంచి వినపడుతోంది: "నీ నోరు పడ! నీ కాళ్ళిరగ! పొద్దున్నే దాపరించావే మా ఇంటికి!" మాటలే కాదు, ఆ సాగదీత, చివర్న ఆ చిన్న విరుపు, అచ్చం నాదే. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. నవ్వే ఎక్కువ వచ్చిందని ఒప్పుకోవాలి. రాత్రి మా ఆయనకి అభినయించి మరీ చూపించాను. ఆయన నవ్వలేదు.

"కాకినే కదండీ తిట్టింది" అన్నాను.

"కాకి దాకా వచ్చింది" అన్నారు ఆయన, దుప్పటి కప్పుకుంటూ.

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు.

గుంటూరు, ఒంగోలు వైపు ఆడవాళ్ళ నోటి గురించి మీకు తెలిసే ఉంటుంది. మేం తినే కారం మాటల్లోకి కూడా దిగుతుందని చుట్టాలు ఎగతాళి చేస్తారు. దానికి మేం లోపల్లోపల మురిసిపోతాం కూడా. నిజానికి మా తిట్లు చాలావరకు తిట్లలా ఉండవు. పాలు పొంగినా, బస్సు పోయినా, పిల్లవాడు పలక పగలగొట్టినా ఒకే ధోరణి. "నీ మొహం మండ" అంటూనే అన్నం కలిపి ముద్ద పెడతాం. అందుకే నా నోరు చెడ్డదని నేనెప్పుడూ అనుకోలేదు. బూతు అన్నది నా నోట రాదు. ప్రతి ఆదివారం గుడికి వెళ్తాను. రాత్రి కుటుంబ ప్రార్థన తప్పదు. ఇంకేం కావాలి అనుకునేదాన్ని.

మాకు సొంతం ఒక ఎకరం, కౌలుకి మూడు ఎకరాలు. నల్లరేగడి. ఎప్పుడూ మిరప, పక్కన కొంచెం పత్తి. 2021లో మిరప మీద నల్ల తామర పురుగు పడింది. ఇక్కడి వాళ్ళకి ఆ ఏడాది గురించి చెప్పక్కర్లేదు, దూరాన ఉన్న వాళ్ళ కోసం రెండు మాటలు. అది మామూలుగా ఆకు మీద కనపడే తామర పురుగు కాదు, బయటి దేశాల నుంచి వచ్చింది. పువ్వులో చేరుతుంది. పువ్వు విప్పి చూస్తే నల్లగా, సన్నగా, పదులకొద్దీ కదులుతుంటాయి. పూత రాలిపోతుంది, కాయ కట్టదు. చెట్టు చూడ్డానికి పచ్చగానే ఉంటుంది, అదే మోసం. రెండ్రోజులకోసారి మందు కొట్టారు. ఒకటి పనిచేయలేదని ఇంకొకటి తెచ్చారు. గుంటూరు, ప్రకాశం రెండు జిల్లాల్లోనూ తోటలకి తోటలే పీకేశారు ఆ సంవత్సరం.

మా తోట 2022 సంక్రాంతికి ముందు దున్నించేశాం. దున్నిన రోజు కాదు, మర్నాడు జరిగింది నేను చెప్పబోయేది. మందుల కొట్టు బాకీ కాగితం ఆయన జేబులో దొరికింది, బట్టలు ఉతకబోతుంటే. నాకు చెప్పినదానికి రెండింతలు ఉంది. ఆయన అన్నానికి కూర్చున్నారు. నేను ఆ కాగితం కంచం పక్కన పెట్టి అన్నాను: "మీ చెయ్యి పడితే ఏదైనా నాశనమేనండీ. పొలమే అనుకున్నాను. పెళ్ళి చేసుకున్న నేను కూడా అంతే."

చూడండి, "మీరు" తగ్గలేదు, "అండీ" తగ్గలేదు. అరవను కూడా లేదు.

ఆయన చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళారు. చీకటి పడింది, రాలేదు. ఏడయింది, ఎనిమిదయింది. ఫోను మంచం మీదే ఉంది. మా వైపు పంట పోయిన ఏడాది మగవాడు వేళకి ఇంటికి రాకపోతే ఆడవాళ్ళు ముందు ఎక్కడికి వెళ్ళి చూస్తారో తెలుసా? కొట్టంలో మందు డబ్బాలు పెట్టే మూలకి. నేనూ అక్కడికే వెళ్ళాను. డబ్బాలు లెక్కపెట్టాను. ఎన్ని ఉండాలో నాకు తెలియదు, అయినా లెక్కపెట్టాను.

అత్తమ్మా నేనూ టార్చిలైటు పట్టుకుని డొంక దారిన బయల్దేరాం. ఆవిడకి అప్పటికే మోకాళ్ళ నొప్పులు. అడుగు తీసి అడుగు వేస్తూ సన్నగా ఏదో అనుకుంటోంది. చెవి పెట్టి విన్నాను. "నీకు వందనాలు ప్రభువా, నీకు వందనాలు." అదే, మళ్ళీ మళ్ళీ. నాకు ఒళ్ళు మండిపోయింది. దేనికి వందనాలు? కొడుకు ఏమయ్యాడో తెలియదు, తోట మట్టిలో కలిసిపోయింది, ఈవిడ వందనాలు చెప్తోంది! అప్పుడు నా నోట్లో తిరుగుతున్న మాట మీకు చెప్పలేను. నా మీదా, ఆయన మీదా, పురుగు మీదా అన్నీ శాపనార్థాలే. దేవుణ్ణి పిలుద్దామనుకుంటే కూడా వేరే మాట అందలేదు.

ఆయన మా దున్నిన పొలం గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఏం కాలేదు. ఊరికే కూర్చున్నారు. అత్తమ్మ పక్కన కూలబడి వీపు నిమిరింది. నేను దూరంగా నిలబడి, "ఇంత రాత్రి దాకా ఇంటికి రావాలని లేదా?" అన్నాను, గొంతు పూడుకుపోయి. ఆయన నా వైపు చూడకుండా, "రావాలంటే భయమేసింది" అన్నారు.

అప్పులవాళ్ళంటే భయమనుకున్నాను మొదట. తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో అర్థమైంది. ఆయన భయపడింది నాకు.

తరవాత చాలా రోజులకి, మనసు కాస్త కుదుటపడ్డాక, అత్తమ్మని అడిగాను, ఆ రాత్రి వందనాలు దేనికి చెప్పావని. ఆవిడ చాటలో కాయలకి తొడిమెలు తీస్తూ అంది: "దేనికని కాదమ్మా. భయమేసినప్పుడు నోటికి అలవాటైందే వస్తది. నాకు అదొక్కటే అలవాటు." అంతే చెప్పి మళ్ళీ తొడిమెలు తీసుకుంది. ఆవిడ చదువుకోలేదు. నేను తెలుగులో బి.ఏ. చదివాను.

ఆవిడకి ఆ అలవాటు ఎలా వచ్చిందో కూడా తర్వాతే తెలిసింది. పెళ్ళికి ముందు నుంచీ ఆవిడ మిరప కోతలకి, పత్తి తీతకి కూలికి వెళ్ళేది. తెల్లారకముందే సద్ది కట్టుకుని ముఠాగా బయల్దేరడం, ఎండ ముదిరేదాకా నడుం వంచి కొయ్యడం. కోసేటప్పుడు కాయ కిందపడినా, చెట్టు కొమ్మ విరిగినా రైతు గట్టు మీద నుంచి తిట్టేవాడు. కులం పేరు పెట్టి తిట్టేవాళ్ళు కూడా. "కాయ ఘాటు సాయంత్రం స్నానం చేస్తే పోయేదమ్మా, ఆ మాట పోయేది కాదు" అంది. తర్వాత వాళ్ళే కౌలుకి పొలం చేసే రోజు వచ్చింది. మొదటి కోతకి పదిమంది కూలీల్ని పెట్టుకుని గట్టు మీద నిలబడితే, ఎవరో పిల్ల కొమ్మ విరిచిందట. నోటి చివరి దాకా అదే తిట్టు వచ్చిందట, రైతు గొంతుతో సహా. ఆవిడ హడలిపోయింది. ఆ సాయంత్రం కూలి డబ్బులు పంచేటప్పుడు ఒక్కొక్కరి చేతిలో పెడుతూ, "నీ చెయ్యి చల్లగుండ" అని అందరికీ చెప్పిందట. తిట్టకుండా ఉండాలంటే ఆ చోట ఇంకేదో ఒకటి ఉండాలి కదా అంది. ఇప్పటికీ కోతల రోజుల్లో ఊళ్ళో కూలీలు దొరక్క రైతులు ఆటోలు పంపి పక్క ఊళ్ళ నుంచి తెచ్చుకుంటుంటే, మా చేలోకి పిలవకుండానే నలుగురు వస్తారు. అది మాటవల్లేనా అంటే, కూలి కూడా సాయంత్రానికే ఇచ్చేస్తుంది లెండి.

ఆ ఏడాదే మా స్త్రీల సమాజంలో అమ్మగారు ఎఫెసీయుల పత్రిక చెప్పారు. నాలుగో అధ్యాయంలో పౌలు నోటి మాట గురించి రాస్తాడు. మన తెలుగు బైబిల్లో "దుర్భాష" అని ఉన్న చోట గ్రీకులో ఉన్న మాటకి అసలర్థం కుళ్ళినది అనట. కుళ్ళిన చేపకీ, కుళ్ళిన పండుకీ వాడే మాట. దుర్భాష అంటే నేను బూతు అనుకునేదాన్ని, అందుకే అది నాది కాదనుకునేదాన్ని. కుళ్ళు అనేసరికి కల్లం గుర్తొచ్చింది. మిరపకాయ సరిగా ఎండకుండా కుప్ప వేశామనుకోండి, పైకి ఎర్రగా నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల చెమ్మ. నాలుగు రోజులకి చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, అప్పటికే బూజు పట్టి పక్క కాయలకి అంటేసి ఉంటుంది. బూతు లేకుండా, "అండీ"తో సహా నేను ఆ రోజు అన్న మాట అటువంటిదే.

అమ్మగారు ఇంకొక సంగతి చెప్పారు, అది నాకు ఇంకా బాగా పట్టింది. ఐదో అధ్యాయంలో పౌలు పనికిమాలిన మాటలు మానమని చెప్పి, అక్కడితో ఆగిపోడు. మౌనంగా ఉండమనడు. వాటి బదులు కృతజ్ఞత చెప్పమంటాడు. ఆ రాత్రి తర్వాత నేను చేసింది నోరు కట్టేసుకోవడం. మూడు నెలలు ఇంట్లో అవసరానికి మించి మాట్లాడలేదు. తిట్టడం లేదు కదా అని నాకు నేను మార్కులు వేసుకున్నాను. పిల్లలు మాత్రం, "అమ్మకి కోపం ఇంకా తగ్గలేదు" అనుకుంటూ తిరిగారు. అత్తమ్మ మొదటి రోజే కనిపెట్టిన సంగతి నాకు తెలియడానికి అన్ని నెలలు పట్టింది.

ఇక్కడ నా తెలుగు చదువు కాస్త పనికొచ్చింది. డిగ్రీలో ఆశీరర్థకం అని చదువుకున్నాం. "నీకు మేలు కలుగుగాక" అన్నట్టు. పుస్తకంలో "గాక" ఉంటుంది, మా ఊళ్ళో ఉండదు. "నీ కడుపు చల్లగుండ", "నీ బిడ్డలు బాగుండ" అంటారు. ఇప్పుడు తిట్లు చూడండి. "నీ నోరు పడ." "నీ చేతులిరగ." "నీ మొహం మండ." వ్యాకరణం ఒకటే! అదే నీ, అదే చెయ్యి, చివర అదే అకారం. దీవెనకీ శాపానికీ మన భాషలో మూస ఒకటే, పోసేది వేరు. ఒకే నోట స్తుతీ శాపమూ వస్తున్నాయని యాకోబు పత్రిక మూడో అధ్యాయంలో నిలదీస్తాడు. మాకైతే ఒకే క్రియారూపంలో వస్తున్నాయి. ఈ సంగతి అత్తమ్మకి ఉత్సాహంగా చెప్తే, "అది నీకు కాలేజీలో చెప్పారా!" అని ఆశ్చర్యపోయింది.

కృతజ్ఞత చెప్పమంటే ఏ మాటతో చెప్పాలన్నది ఇంకో చిక్కు. "థాంక్స్" ఇంగ్లీషుది, ఇంట్లో వాళ్ళకి చెప్తే పరాయివాళ్ళకి చెప్పినట్టు ఉంటుంది. "ధన్యవాదాలు" అన్నానొకసారి మా ఆయనతో, సంతలోంచి కూరగాయలు తెస్తే. మా అమ్మాయి పడీపడీ నవ్వింది, రేడియోలో వార్తలు అయిపోయాయా అని. ఆయన సంచి కింద పెట్టి, "ఏం కావాలి?" అన్నారు అనుమానంగా. మొత్తానికి ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయనకి నేను నేరుగా మంచిమాట చెప్పడం అంత కొత్త. రాత్రి ప్రార్థనలో మాత్రం రోజూ చెప్పేదాన్ని: మా ఆయన్ని ఇచ్చినందుకు ప్రభువా నీకు వందనాలు అని. ఆయన పక్కనే మోకరించి ఉండేవారు. ఆయన గురించి దేవుడికి చెప్పాను గానీ ఆయనకి చెప్పలేదు. పైగా ఆ ప్రార్థన కూడా బండి గాడిలో పోయినట్టు పోయేది, ఆహారానికి, ఆరోగ్యానికి, కాపుదలకి, ఆమెన్.

వందనాలు అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. మన క్రైస్తవుల ఇళ్ళల్లో ఎదురుపడితే "వందనాలండీ" అనుకుంటాం. నమస్కారమూ అదే, దేవుడికి చెప్పే కృతజ్ఞతా అదే. మా పుట్టింటి వాళ్ళు ఒంగోలు వైపు బాప్టిస్టులు, అత్తింటి వాళ్ళు గుంటూరు లూథరన్లు. రెండు చోట్లా ఈ మాట ఒకటే. మా నాయనమ్మ దీని గురించి ఒక సంగతి చెప్పేది. వాళ్ళ పెద్దల కాలంలో పల్లెలో వాళ్ళకి పేర్లున్నా ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదట. ఒరే, ఒసే, అంతే. ముసలివాళ్ళనైనా అంతే. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు వచ్చింది. అప్పుడు బకింగ్‌హాం కాలువ తవ్వకం కరువు పనిగా నడిస్తే, ఒంగోలు మిషన్ జాన్ క్లౌ దొరగారు మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి అక్కడ పని పెట్టారు. కరువులో బాప్తిస్మాలు ఆపేశారు కూడా, తిండి కోసం వస్తున్నారన్న మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇదంతా చరిత్ర పుస్తకాల్లో ఉంది. నాయనమ్మ చెప్పేది పుస్తకాల్లో లేనిది: గుడిలోకి వచ్చాక మొదటిసారి ఒకరినొకరు "అండీ" అని పిలుచుకోవడానికి వాళ్ళు సిగ్గుపడ్డారట. మొగుడూ పెళ్ళాలు కూడా. తిట్టు తప్ప పిలుపు ఎరగని వాళ్ళకి "వందనాలు అమ్మా" అంటే ఏం చెయ్యాలో తోచక నేల చూసేవాళ్ళట. ఎంతవరకు నిజమో, నాయనమ్మ మాటే నాకు ఆధారం. అటువంటి వాళ్ళ ముని మనవరాలిని నేను, నా సొంత ఇంట్లో మనిషి నా మాటకి భయపడి గట్టు మీద కూర్చున్నాడు.

ఇలా రాస్తుంటే ఒక భయం వేస్తోంది. ఇది చదివి ఎవరైనా అక్క, "అయితే నోరెత్తకుండా అన్నిటికీ వందనాలు చెప్పుకుంటూ పడుండాలన్నమాట" అనుకుంటుందేమో. అలా చెప్పే వాళ్ళు ఉన్నారు. తాగి వచ్చి కొట్టే మొగుడున్న ఒకావిడకి కృతజ్ఞత కలిగి ఉండమని సలహా ఇవ్వడం నా చెవులతో విన్నాను, నాకు కడుపు మండింది. అది దేవుడి పేరు చెప్పి మనిషి నోరు నొక్కడం. కష్టం చెప్పుకోవడం దుర్భాష కాదు. కీర్తనల గ్రంథంలో ఎన్ని కీర్తనలు మొరలు, ఫిర్యాదులు కావు! మన వినుకొండలో 1895లో పుట్టిన జాషువా గారిని తీసుకోండి. 1941లో వచ్చిన గబ్బిలంలో ఒక పేద అంటరానివాడు గుడిలోకి తనకి ప్రవేశం లేదు కాబట్టి గబ్బిలం చేత శివుడికి కబురు పంపుకుంటాడు. ఎంత కోపం ఉంది అందులో! కానీ కుళ్ళు లేదు. డిగ్రీలో చదివినప్పుడు పద్యాలు బట్టీ పట్టాను గానీ ఈ తేడా పట్టుకోలేదు. అన్యాయాన్ని అన్యాయం అనడం ఒకటి, దగ్గరి మనిషి చేతుల్ని చూపించి "ఇవి నాశనపు చేతులు" అనడం ఒకటి. ఆ బాకీ కాగితం చూసి నేను, "నాకు చెప్పకుండా ఇంత అప్పు ఎందుకు చేశారు? నాకు భయంగా ఉంది" అని ఉంటే అది నా హక్కు. నాకు నిజం దాచడం ఆయన తప్పే. ఆ మాట తర్వాత చెప్పాను కూడా, ఆయన ఒప్పుకున్నారు. ఇప్పుడు కొట్టు బాకీ పుస్తకం నా దగ్గరే ఉంటుంది.

నేను ఏం మార్చుకున్నానంటే పెద్దగా చెప్పడానికేం లేదు. రోజుకి ఇన్ని మంచిమాటలు అని లెక్క పెట్టుకోలేదు, ఒక వారం పెట్టుకున్నాను గానీ నాటకంలా అనిపించి మానేశాను. కంటపడిన పనిని పేరు పెట్టి చెప్పడం మాత్రం నేర్చుకున్నాను. "మీరు పొద్దున్నే మోటారు వేసి వచ్చారు కాబట్టి నాకు నీళ్ళు మొయ్యడం తప్పింది" అని. మొదట్లో అప్పజెప్పినట్టే ఉండేది. ధన్యవాదాలు, థాంక్స్ ఏమీ లేకుండా జరిగింది జరిగినట్టు చెప్తే చాలని మెల్లగా తెలిసింది. అత్తమ్మకి మోకాళ్ళకి నూనె రాస్తే ఆవిడ ఎప్పుడూ అనే "నీ కడుపు చల్లగుండ" నాకు ఇన్నాళ్ళూ ఊతపదంలా వినపడేది. ఇప్పుడు ఆ మాట వచ్చినప్పుడు ఒక్క క్షణం చెయ్యి ఆపుతాను.

ఆ 2022లో కోత పండుగకి గుడికి తీసుకువెళ్ళడానికి మా దగ్గర పంట లేదు. మీకు తెలియకపోతే, లూథరన్ గుడుల్లో కోత పండుగ నాడు ఎవరి చేలో పండింది వాళ్ళు తెస్తారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు, మిర్చి, వడ్లు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు, భలే సందడి. ఈసారి వద్దులే అన్నాను నేను. అత్తమ్మ పెరట్లో రెండు మిరప మొక్కలకి కాసిన కాయలు, దోసెడు కూడా లేవు, చాటలో పోసుకుని బయల్దేరింది. అందులో సగం తాలు. వేలంలో పాట పెరుగుతూనే పోయింది. పాడిన వాళ్ళంతా ఆ ఏడాది తోటలు పీకేసిన వాళ్ళే. ఆవిడ చాట కింద పెట్టకుండా చివరిదాకా ఎత్తి పట్టుకుంది, పెళ్ళికూతుర్ని చూపిస్తున్నట్టు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది.

నా నోరు పూర్తిగా బాగుపడిందని చెప్తే మా పక్కింటి వాళ్ళు ఊరుకోరు. పోయినేడు వేసవిలో పండుమిరప పచ్చడి పెట్టాను. ఆరు కేజీలు. కాయ తుడిచి, ఆరబెట్టి, చింతపండు ఉప్పు వేసి రోట్లో తొక్కి, మూడో రోజు మెంతిపిండి కలిపి జాడీకి ఎత్తాను. మా అమ్మాయి, ఇప్పుడు ఇంటర్లో ఉంది, ఆ జాడీని అటక మీద పెడతానని ఎత్తి మెట్టు మీద వదిలేసింది. ఎర్రగా గచ్చంతా. నా నోట వచ్చేసింది, "నీ చేతులు..." అక్కడ ఆగిపోయాను. అది కళ్ళు పెద్దవి చేసుకుని, పెంకుల మధ్య నిలబడి, మిగతా మాట కోసం చూస్తోంది. నేనూ చూస్తున్నాను. "...చల్లగుండ" అన్నాను, పళ్ళు కొరుకుతూ. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అది ఫక్కుమంది. అత్తమ్మ మంచం మీద నుంచి, "పెంకు గుచ్చుకుందేమో చూడండే ముందు" అని కేకేసింది. గుచ్చుకుంది, బొటనవేలికి. కట్టుకట్టాను. ఆ రాత్రి మాత్రం పచ్చడి తల్చుకుని నిద్ర పట్టలేదు. ఆరు కేజీలండీ.

ఈ కథ కాదు గానీ నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి ఉంది. 2025లో మిర్చి ధర సంగతి చూశారు కదా. రెండేళ్ళ కింద క్వింటా 20,000 దాటిన కాయ ఫిబ్రవరికల్లా 11,000, 12,000కి వచ్చేసింది. కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు ధర ప్రకటించింది గానీ, అది మా పెట్టుబడి, కౌలు, కోత కూలి చూసుకుంటే ఏ మూలకి? కోతకే సగం పోతుంది. మా ఆయన టిక్కీలు వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకి తెల్లవారుజామున వెళ్ళారు. యార్డు నుంచి మధ్యాహ్నం ఫోను లేదు. నాకు అర్థమైంది. సాయంత్రం ఏడింటికి ఆటో శబ్దం వినపడింది.

గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రాకుండా ఆగారు. ఒంటి నిండా మిరప ఘాటు, కళ్ళు ఎర్రగా. ఆ నిలబడ్డ తీరు నాకు తెలుసు. నా నోటి వైపు చూస్తున్నారు. నిజం చెప్పాలంటే నా లోపల అప్పుడు దీవెనలేం లేవు. బాకీ పుస్తకంలో అంకెలే తిరుగుతున్నాయి. బకెట్లో నీళ్ళు తెచ్చి పెట్టాను.

"అన్ని టిక్కీలు ఒక్కరే దింపించుకున్నారా? నడుం పట్టేసి ఉంటుంది. కాళ్ళు కడుక్కోండి, జొన్నరొట్టె వేడిగా ఉంది" అన్నాను.

ఆయన కాళ్ళు కడుక్కున్నారు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నారు. నేను రొట్టె వెయ్యకముందే, అడక్కుండానే, జేబులోంచి తక్‌పట్టీ తీసి నా చేతికిచ్చి, క్వింటా ఎంతకి పోయిందో, ఎన్ని కాయలు తాలు కింద తీసేశారో, అంతా తనే చెప్పడం మొదలుపెట్టారు.